తలుపు మీద అరచేయి

పోయిన నెల నన్ను ట్రైనింగ్‌కి పంపారు. పద్నాలుగేళ్లుగా మెషిన్ షాపులో ట్రైనింగ్ ఇస్తున్నవాణ్ణి, చాలా కాలం తర్వాత బెంచీకి ఇవతల కూర్చున్నాను. రెండు రోజుల క్లాసు, ఏఐ టూల్స్ వాడకం మీద. చెప్పిన కుర్రాడు తెలివైనవాడే, మాట తీరూ బావుంది. కానీ మొదటి రోజు పదకొండు గంటలకల్లా నేను ప్రశ్నలు అడగడం మానేశాను. పక్కన కూర్చున్న అమ్మాయి మూడేళ్ల కిందట నా దగ్గరే అప్రెంటిస్‌గా నేర్చుకున్న పిల్ల. టకటకా టైప్ చేసుకుంటూ పోతోంది. నాకేమో స్క్రీన్ మీద ఎక్కడ నొక్కాలో దొరకలేదు. చెయ్యెత్తి అడుగుదామంటే ఆ పిల్ల ముందు సిగ్గు. అన్నీ తెలిసినవాడిలా తలూపుతూ కూర్చున్నాను.

అలా తలూపుతుంటే బాబాయ్ గుర్తొచ్చాడు.

బాబాయ్ అంటే చుట్టం కాదు. మా షాపులో సీనియర్ టర్నర్, అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్లు. ముప్పై ఏళ్లకు పైగా హ్యాండ్ లేత్ మీద, అంటే తిరిగే లోహపు ముక్కని చేత్తో హ్యాండిల్ తిప్పుతూ కోసే మెషిన్ మీద, చేసినవాడు. షాపులోకి అదే కోతని కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో చేసే సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్లు వస్తున్నాయనగా నన్ను ట్రైనర్ని చేశారు. నా మొదటి బ్యాచ్ పన్నెండు మంది, అందులో ఆయనొకడు. నాకంటే ఇరవై రెండేళ్లు పెద్ద. వారమంతా వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుని, నేనేం చెప్పినా తలూపాడు. ఆయన పేరు పక్కన నేను రాసుకున్న మాట: ‘ఆసక్తి లేదు, వయసు అడ్డం’. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఎప్పుడు సొరుగు సర్దినా కనిపిస్తుంది, పారేయాలంటే చెయ్యి రాదు.

ఆ ట్రైనింగ్ ఎంత గొప్పగా జరిగిందో కూడా చెప్పాలి కదా. మెషిన్లు రావడానికి ఇరవై రోజుల ముందే క్లాసులు ముగించేశాం. అవి దిగాక ప్రొడక్షన్ ఒక్క రోజు కూడా ఆగకూడదని పైవాళ్ల తొందర. కంట్రోల్ ప్యానెల్ ఫొటో గోడ మీద వేసి, ఇది సైకిల్ స్టార్ట్, ఇది ఫీడ్ హోల్డ్, ఇది సింగిల్ బ్లాక్ అని కర్రతో చూపిస్తూ పోయాను. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి, ఎంత తొందరగా మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లోనే అచ్చువేశాడు. బట్టీ పట్టినదాంట్లో పెద్ద భాగం మొదటి రోజే జారిపోతుందని తేలింది. మేం ఏకంగా ఇరవై రోజులు ఇచ్చాం. మెషిన్ ఆన్ చేసిన రోజు, దాన్ని రిఫరెన్స్ పొజిషన్‌కి, అంటే పని మొదలుపెట్టే చోటికి, ఎలా పంపాలో పన్నెండు మందిలో ఒక్కరికీ గుర్తులేదు. అటెండెన్స్ షీట్లు మాత్రం నిండుగా ఉన్నాయి. పైకి వెళ్లిన రిపోర్టులో నూటికి నూరు శాతం ట్రైనింగ్ పూర్తి అని ఉంటుంది, ఎందుకంటే రాసింది నేనే.

తర్వాత మెషిన్ దగ్గరే నిలబెట్టి నేర్పడం మొదలుపెట్టాను. అక్కడ బాబాయ్ ఒకే తప్పు పదేపదే చేశాడు. జాబ్, అంటే కోస్తున్న ముక్క, దాని డయా (వ్యాసం) 40.00 మి.మీ. రావాలి. మైక్రోమీటర్ పెడితే 40.03 చూపించింది. అప్పుడు వేర్ ఆఫ్‌సెట్‌లో, అంటే టూల్ తేడాని సరిచేసే పట్టికలో, ఎక్స్ దగ్గర మైనస్ 0.03 కొట్టాలి. ఆయన మైనస్ 0.015 కొట్టాడు. ఇంకో కట్ వేస్తే 40.015 వచ్చింది. “ఎంత ఎక్కువుంటే అంతే కొట్టమన్నానుగా బాబాయ్, వినవేంటి?” అన్నాను, పన్నెండు మంది ముందూ. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజులకి మళ్లీ అదే. నేను మళ్లీ అదే మాట, ఈసారి గొంతు పెంచి.

నాలుగో రోజు రాత్రి ఇంటికెళ్తుంటే దారిలో వెలిగింది. హ్యాండ్ లేత్‌లో జాబ్ తిరుగుతుంటే టూల్ ఒక పక్క నుంచి కోస్తుంది. టూల్‌ని 0.015 లోపలికి తోస్తే డయా 0.03 తగ్గుతుంది. మా పాత లేత్‌ల డయల్ మీద గీతలు టూల్ కదలికనే చూపించేవి కాబట్టి, తగ్గించాల్సిన కొలతని సగం చేసి హ్యాండిల్ తిప్పాలి. ముప్పై ఏళ్లు ఆయన చెయ్యి అలా సగం చేస్తూనే ఉంది, ఇక ఆలోచించే అవసరం కూడా లేకుండా. మా సీఎన్‌సీలోనేమో ఎక్స్ విలువలన్నీ డయా లెక్కలోనే ఇస్తాం. సగం చేసుకునే పని కంట్రోల్ చూసుకుంటుంది. పిల్లలకి ఈ గొడవ లేదు, వాళ్ల చేతికి ఏ అలవాటూ లేదు కాబట్టి చెప్పింది చెప్పినట్టు కొట్టేస్తున్నారు. అది చూసి వాళ్లు తొందరగా నేర్చుకుంటున్నారనీ, ఈయన నేర్చుకోవడం లేదనీ నేను అనుకున్నాను.

మర్నాడు వెళ్లి, “బాబాయ్, నువ్వు చేసే సగం లెక్క ఇది లోపలే చేసేసుకుంటుంది. నువ్వు మళ్లీ సగం చేస్తే టూల్ పావే కదులుతుంది” అన్నాను.

ఆయన డయల్ తిప్పుతున్నట్టు గాల్లో చెయ్యి కదిలించి చూసుకున్నాడు. “ఆ ముక్క మొదటే ఏడవొచ్చుగా” అన్నాడు. ఆ తప్పు మళ్లీ జరగలేదు.

కానీ అప్పటికీ వెనక వరసే. ముందుకు వచ్చింది నా ఘనకార్యం తర్వాత.

రెండో నెలలో ఒక మెట్టున్న షాఫ్ట్‌కి ప్రోగ్రామ్ రాసి, అందరినీ చుట్టూ నిలబెట్టి రన్ చేశాను. కొత్త ప్రోగ్రామ్‌ని మొదటిసారి సింగిల్ బ్లాక్‌లో, ర్యాపిడ్ (కోయనప్పుడు టూల్ పరుగెత్తే వేగం) బాగా తగ్గించి, ఒక్కొక్క లైనే నడిపి చూడాలి. రోజూ నేను చెప్పే మాటే. ఆ రోజు మాత్రం నా పనితనం చూపించాలన్న దురదతో నేరుగా ఆటోలో పెట్టాను. ఒక లైన్లో ఎక్స్40 తర్వాత దశాంశ చుక్క పెట్టలేదు. ఆ కంట్రోల్ సెట్టింగ్‌లో చుక్క లేని అంకె అంటే మైక్రాన్ల లెక్క. నేను 40 మి.మీ. అనుకున్నది దానికి 0.04 మి.మీ. టూల్ జాబ్ పక్కన ఉండగా ఆ లైన్ వచ్చింది. ర్యాపిడ్‌లో నేరుగా జాబ్ నడిమధ్యకి దూసుకుపోయింది. ఆ చప్పుడు రాయడం నావల్ల కాదు. షాపు అవతలి చివర ఫిట్టింగ్ బెంచీ దగ్గరున్నవాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. టూల్ కొసన కోసే ఇన్సర్ట్ ముక్కలైంది, దాన్ని పట్టే హోల్డర్ వంగింది, టూల్స్ అమర్చే టరెట్ అలైన్‌మెంట్ పోయింది. నాలుగు రోజులు మెషిన్ ఆగింది.

షిఫ్ట్ అయ్యాక నేను ఒక్కణ్ణే చిప్స్ ట్రే శుభ్రం చేస్తుంటే బాబాయ్ వచ్చాడు. ఇన్సర్ట్ ముక్క ఒకటి ఏరి దీపం కింద తిప్పి చూశాడు.

“చుక్క పెట్టలేదా?”

“లేదు బాబాయ్.”

“అంత చిన్న చుక్కకి ఇంత మెషిన్ ఒక్కసారైనా అడగదేంట్రా, నిజంగానే వెళ్లమంటావా అని?”

మర్నాడు రెండో వరసలో కూర్చున్నాడు. ఆ ఒక్క రోజే తొమ్మిది ప్రశ్నలు అడిగాడు, లెక్కపెట్టుకున్నాను. నా క్రాష్ చూసి జాలిపడి నాతో కలిశాడని చాలాకాలం అనుకున్నాను. మొన్న ఆ బెంచీ మీద కూర్చున్నాకే తెలిసింది, ఆయన అన్నాళ్లూ తలెందుకు ఊపాడో. షాపులో ఎవడికి కొలత తేడా వచ్చినా ఆయన దగ్గరికి పరిగెత్తేవాళ్లు. అలాంటి మనిషిని తీసుకొచ్చి, నిన్న మొన్న చేరిన పిల్లల మధ్య కూర్చోబెట్టి, ఒక బటన్ ఎక్కడుందో తెలియనివాడిగా నిలబెట్టాం. నోరు తెరిస్తే తెలియదన్న సంగతి బయటపడుతుంది. తెరవకపోతే నేను ఆసక్తి లేదని రాసుకుంటాను. క్రాష్‌తో తప్పు చేసేవాడి స్థానం నేను తీసుకున్నాను, అంతే. ఆ తర్వాత అడగడం ఆయనకి నామోషీ కాలేదు.

ఇక ఆయన అరచేతి సంగతి. హ్యాండ్ లేత్ మీద చేసేవాడు సగం పని చెవితో, చేత్తో చేస్తాడు. కట్ సరిగ్గా పడుతోందా, టూల్ అరిగిందా, జాబ్ వణుకుతోందా అన్నది హ్యాండిల్‌లోంచే తెలుస్తుంది. సీఎన్‌సీలో తలుపు మూసుకుంటుంది, లోపల చల్లబరిచే కూలెంట్ కొడుతుంటుంది, పట్టుకోవడానికి హ్యాండిల్ లేదు. బాబాయ్ మెషిన్ నడుస్తున్నంతసేపూ తలుపు రేకు మీద, బయటి వైపు, అరచేయి ఆనించి నిలబడేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. నేనూ ఆపమన్నాను ఒకసారి, చూడ్డానికి బాలేదని. ఇప్పుడు తలుచుకుంటే నాకే చిరాకు.

ఒక మధ్యాహ్నం అలా నిలబడి, “ఇన్సర్ట్ పోయింది, ఆపు” అన్నాడు. స్క్రీన్ చూస్తే అలారం ఏదీ లేదు. కానీ స్పిండిల్ లోడ్ గీత, మామూలుగా 35 శాతం దగ్గర ఆడేది, 50 దాటి ఉంది. ఆపి తలుపు తీశాం. ఇన్సర్ట్ మూల ఎగిరిపోయింది. ఆ గీతేంటని అడిగాడు. మోటారు మీద ఎంత బరువు పడుతోందో చూపిస్తుందన్నాను. క్లాసులో దాని గురించి నేను ఒక్క ముక్క చెప్పలేదు. బటన్ కాదుగా! ఆయన ఆ సాయంత్రమంతా ఒక చెయ్యి తలుపు మీద, కళ్లు గీత మీద పెట్టి నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు, “ఇది నా అరచేయి పనే చేస్తోందిరా” అన్నాడు. ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతివాడి చెయ్యీ పట్టి తలుపు మీద పెట్టి, ముందు చేత్తో చెప్పించి, తర్వాత గీత చూడనిచ్చేవాడు. నా సిలబస్‌లో అలాంటి పాఠం లేదు.

ఈ మెషిన్ల పుట్టుక గురించి చదివినప్పుడు ఒక సంగతి బాగా తగిలింది. అంకెలతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ని ఎంఐటీలో 1952లో చూపించారు. అంతకు ముందే, 1940ల చివర్లో, జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు వేరే దారి ప్రయత్నించారు. చెయ్యి తిరిగిన పనివాడు మొదటి జాబ్ చేస్తాడు, ఆ కదలికలు టేపు మీద రికార్డ్ అవుతాయి, తర్వాత మెషిన్ వాటినే తిరిగి చేస్తుంది. పాట పాడించి రికార్డ్ చేసుకున్నట్టు. ఆ దారి నిలబడలేదు. విమాన భాగాల్లోని వంపులు చేత్తో చేసి చూపించడం కష్టం, పైగా అమెరికా వైమానిక దళం డబ్బు అంకెల దారికే పోసింది. పని మీద అదుపు షాపు నుంచి ఆఫీసుకి తరలించాలన్న కోరిక కూడా ఉందని వాదించే చరిత్రకారులున్నారు. అందులో ఎంత నిజమో కానీ, నా మొదటి ట్రైనింగ్ మాత్రం సరిగ్గా ఆ బుద్ధితోనే తయారైంది. తెలివంతా ప్రోగ్రామ్‌లో ఉంది, షాపులో ఉన్నవాడికి బటన్లు నేర్పితే చాలు అని.

నేర్పడం ఎలాగో నాకు కాస్త దారి చూపించింది ఒక తాడు ముడి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పాత పనివాళ్లు సైన్యంలోకి వెళ్లిపోతే కొత్తవాళ్లకి గబగబా నేర్పాల్సొచ్చి అమెరికాలో ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమం నడిపారు. 1940 నుంచి 1945 వరకు నడిచింది. 16,000కు పైగా ప్లాంట్లలో 16 లక్షల మందికి పైగా అందులో శిక్షణ పొందారు. వాళ్లు చేసిన తెలివైన పనేంటంటే, ముందు సూపర్‌వైజర్లకి నేర్పడం ఎలాగో నేర్పారు. మొదటి క్లాసులో ఎలక్ట్రీషియన్లు వేసే ఒక ముడి తీసుకుంటారు. దాన్ని ఎలా వేయాలో మాటల్లో మాత్రమే చెబుతారు, ఎవరికీ రాదు. తర్వాత మాట లేకుండా వేసి చూపిస్తారు, అప్పుడూ రాదు. ఆపైన, నేర్చుకునేవాడికి ఇప్పటికే ఏం తెలుసో కనుక్కుని, ఒక్కో అడుగూ చెబుతూ చూపించి, వాడి చేత చేయించి, ఎందుకలా చేశావో వాడి నోటితోనే చెప్పించి, ఆ తర్వాత కూడా వెళ్లి చూసి వస్తుండటం. యుద్ధమయ్యాక జపాన్ ఫ్యాక్టరీలు దీన్ని పట్టుకున్నాయి.

నేను ఇప్పుడు ప్రతి బ్యాచ్‌నీ ముడితోనే మొదలుపెడతాను. నాతో పాటు నేర్పే జూనియర్ ట్రైనర్లనీ కూర్చోబెడతాను. ఎంత చదువుకున్నవాడైనా మాటలు విని ముడి వేయలేక తాడు చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తుంటే, నేనేం వ్యాఖ్యానం చెయ్యక్కర్లేదు. అన్నింటికంటే ముఖ్యం ఆ ‘ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవడం’. ఆ ఒక్క అడుగు వేసి ఉంటే బాబాయ్ సగం లెక్క మొదటి రోజే తేలిపోయేది.

మరి కొత్త పిల్లల సంగతి? మా దగ్గర చేరేవాళ్లని మొదట ఆరు వారాలు హ్యాండ్ లేత్ మీద పెడతాం. దీని మీద ప్రతి ఏడూ మీటింగ్‌లో గొడవే. “ఇంకా ఎందుకండీ ఆ పాత సామాను, నేరుగా సీఎన్‌సీ మీద పెడితే ఆరు వారాలు మిగులుతాయిగా” అంటారు. పాతదంటే నాకేం మమకారం లేదు. ఆ లేత్‌ల దగ్గర నడుము నొప్పి తెచ్చుకున్నవాణ్ణి నేనే. కానీ 1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వవేత్త ఒక మాట రాసింది, దానికి ఇప్పటిదాకా మీటింగ్‌లో ఎవరూ జవాబు చెప్పలేదు. ఆటోమేషన్ తేలికైన పనులన్నీ తీసేసుకుంటుంది, కష్టమైనవి, అరుదుగా వచ్చేవి మనిషికి వదిలేస్తుంది. రోజూ చేయకపోతే ఆ మనిషికి చెయ్యి మొద్దుబారుతుంది. అంటే ఎప్పుడైతే మనిషి అవసరం నిజంగా పడుతుందో, అప్పటికి వాడికి పని మరిచిపోయే ఏర్పాటు మనమే చేస్తున్నాం. ఏడాదంతా సైకిల్ స్టార్ట్ ఒక్కటే నొక్కినవాడికి, రాత్రి షిఫ్ట్‌లో జాబ్ వణికితే ఏం చేయాలో ఎలా తెలుస్తుంది?

సరే, మళ్లీ నా ఏఐ క్లాసుకి. రెండో రోజు మధ్యాహ్నం ఎవరి పనికి సంబంధించింది వాళ్లు అడిగి చూడమన్నారు. పక్కనున్న అమ్మాయినే అడిగాను చివరికి, ఎక్కడ టైప్ చేయాలో చెప్పమని. “సార్, మీరు అడగరేంటా అని నిన్నట్నుంచీ చూస్తున్నా” అంది. తిన్నగా తగిలింది.

ఒక షాఫ్ట్ వివరాలిచ్చి, ముఖం ఫేసింగ్ చేసి, అంటే చివరని చదునుగా కోసి, 40 మి.మీ.కి టర్నింగ్ చేసే ప్రోగ్రామ్ రాయమన్నాను. పది సెకన్లలో రాసిచ్చింది. చుక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి, అది మెచ్చుకోవాలి. ప్రతి లైన్ పక్కనా వివరణ కూడా, నా చేతిరాత కంటే శుభ్రంగా. క్లాసులో అందరూ బాగుందన్నారు. నేను రెండోసారి చదువుతుంటే జి96 ఎస్180 దగ్గర కన్ను ఆగింది. జి96 అంటే కోత వేగం నిమిషానికి 180 మీటర్ల దగ్గర స్థిరంగా ఉంచమని. డయా తగ్గేకొద్దీ స్పిండిల్ వేగం పెంచుకుంటూ పోతుంది. 40 మి.మీ. దగ్గర నిమిషానికి దాదాపు 1430 చుట్లు. ఫేసింగ్‌లో టూల్ మధ్యకి వెళ్తూ 10 మి.మీ. దగ్గరికొచ్చేసరికి అదే లెక్కలో 5730 చుట్లు కావాలి. ఇంకా లోపలికి పోతే మెషిన్ తన గరిష్ఠ వేగం వరకూ లాగిస్తుంది. అందుకే ముందు జి50తో ఇంతకు మించి తిరగొద్దని హద్దు పెడతాం. ఆ లైన్ లేదు. తూకం సరిగ్గా లేని బరువైన జాబ్ దాన్ని పట్టి తిప్పే చక్‌లో ఉంటే అది ఎగిరి తలుపు మీద పడొచ్చు.

చెయ్యెత్తి చెప్పాను. ట్రైనర్ కుర్రాడు మంచివాడు, “అది మళ్లీ అడిగితే సరిచేస్తుంది సార్” అన్నాడు. నిజమే, అడగ్గానే సరిచేసింది, సారీ కూడా చెప్పింది. ఏం అడగాలో తెలిసినవాడు అడిగితే. నా పక్కనున్న అమ్మాయి ఆ లైన్‌ని తన నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. ఆ పిల్లకి జి50 నేనే నేర్పాను, తనకి అది కనిపించలేదు. ఇది నేను ఆలోచించుకోవాల్సిన విషయం. బహుశా నేర్పేటప్పుడు చక్ అంత వేగంతో తిరగడం ఎలా ఉంటుందో నేను వినిపించలేదు, కోడ్ అర్థం మాత్రం చెప్పి ఊరుకున్నాను.

వచ్చే సోమవారం నుంచి మా షాపులో ఇదే ట్రైనింగ్ నేను ఇవ్వాలి. స్లైడ్లు వాళ్లే పంపారు, నూట నలభై. వాటిలో పది ఉంచుకున్నాను. తాడు ముక్కలు కోసి సొరుగులో పెట్టాను. ఆ జి50 లేని ప్రోగ్రామ్‌ని ప్రింట్ తీసి, ఇందులో ఏం తప్పుందో చెప్పమని ముందు సీనియర్ల చేతికివ్వాలనుకుంటున్నాను, పిల్లల ముందే. వాళ్లు తెలిసినవాళ్లుగా మొదలుపెట్టాలి. ట్రైనింగ్ కంప్యూటర్లు మెషిన్ పక్కనే పెట్టమని అడిగాను. కూలెంట్ పడుతుందని ఇంకా ఒప్పుకోలేదు.

నిన్న రాత్రి బాబాయ్‌కి ఫోన్ చేశాను. రిటైరై నాలుగేళ్లయింది, చెవి కాస్త తగ్గింది, గట్టిగా మాట్లాడాలి. జరిగిందంతా చెప్పాను. మిషనే ప్రోగ్రామ్ రాస్తోందని, జి50 వదిలేసిందని, నేను పట్టుకున్నానని. ఆ చివరి ముక్క కొంచెం గర్వంగానే చెప్పి ఉంటాను.

ఆయన అంతా విని, “జాబ్ చక్‌లోంచి ఎంత బయటికుందిరా?” అన్నాడు.

అది ఏఐ నన్ను అడగలేదు. నేనూ దానికి చెప్పలేదు. షాఫ్ట్ పొడవెంతో, అవతలి చివర ఆనించే టెయిల్ స్టాక్ పెట్టాలో వద్దో ఆలోచించకుండానే ప్రోగ్రామ్ రాయించాను.

“చూసి చెప్తాను బాబాయ్” అన్నాను.